మూత వేయని బకెట్టు

మా ఊళ్ళో మునిసిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజున ఇంట్లో ఖాళీ పాత్ర అంటూ ఉండదు. డ్రమ్ములు, బిందెలు, బకెట్లు, చివరికి అటక మీది పాత గంగాళం కూడా కిందికి దిగుతుంది. రాయలసీమ పట్టణాల్లో పెరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఇంటినిండా నీళ్ళుంటే మాకు ఒక నిశ్చింత. ఆ నిశ్చింతే నాలుగేళ్ళ క్రితం ఒక శుక్రవారం ఉదయం మా కుటుంబాన్ని శోకపు అంచుదాకా తీసుకువెళ్ళింది.

అప్పటికి మా బాబుకు పద్నాలుగు నెలలు. గోడ పట్టుకొని నడక నేర్చుకుంటున్నాడు. మా వారు జుమా నమాజుకు ముందే పని ముగించుకుందామని దుకాణానికి వెళ్ళారు. అత్తమ్మ ముందుగదిలో తస్బీహ్ చదువుకుంటున్నారు. నేను వంటింట్లో ఉండగా చెల్లెలి నుంచి ఫోను వచ్చింది. ఎంతసేపు మాట్లాడానో తరువాత ఆ ఫోనులోనే చూసుకున్నాను. మూడు నిమిషాల నలభై సెకన్లు. అంతసేపూ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పిల్లవాడు బుద్ధిగా ఆడుకుంటున్నాడనుకున్నాను.

“అమ్మీ, తమ్ముడి కాళ్ళు పైకి ఉన్నాయి” అంది మా ఏడేళ్ళ అమ్మాయి స్నానాలగది గుమ్మం దగ్గర నిలబడి. ఆ మాట అర్థం కావడానికి నాకు పట్టిన క్షణాన్ని నేటికీ మరచిపోలేను. బాబు తలక్రిందులుగా నీళ్ళ బకెట్టులో ఉన్నాడు. బయటికి తీసేసరికి పెదవులు నీలంగా మారాయి. ఊపిరి లేదు. నా కేకలకు వీధంతా వచ్చింది. ఎవరో పిల్లవాణ్ణి నా చేతుల్లోంచి తీసుకొని, కాళ్ళు పట్టి తలక్రిందులుగా ఆడించి, పొట్ట నొక్కసాగారు. అంతలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేసే పక్కింటి ఆమె పరుగున వచ్చి, వాణ్ణి లాక్కొని నేల మీద పడుకోబెట్టింది. వాడి నోటిని, ముక్కును తన నోటితో కప్పి ఊపిరి ఊదింది. రెండు వేళ్ళతో ఛాతీ నొక్కింది. మళ్ళీ ఊదింది. మళ్ళీ నొక్కింది. ఎన్నోసారికో వాడు దగ్గి, సన్నగా మూలిగాడు. మునిగిన బిడ్డకు కావలసింది నీళ్ళు కక్కించడం కాదనీ, ఊపిరి అందించడమనీ ఆమె తరువాత చెప్పింది. తలక్రిందులుగా ఆడించడంలో పోయే ప్రతి క్షణం మెదడుకు అందవలసిన ప్రాణవాయువును హరిస్తుందట. అల్లాహ్ దయ ఆ రోజు ఆమె రూపంలో మా గుమ్మం తొక్కింది.

కర్నూలులోని ఒక ఆసుపత్రి పిల్లల అత్యవసర విభాగంలో మేము అయిదు రోజులు గడిపాము. మొదటి రెండు రోజులు డాక్టర్లు ఏ మాటా ఇవ్వలేదు. ప్రాణం నిలిచినా మెదడుకు ఎంత నష్టం జరిగిందో వేచి చూడాలన్నారు. లోపలికి రోజుకు రెండుసార్లే రానిచ్చేవారు. మిగిలిన సమయమంతా వరండాలోని బల్ల మీదే. ఆ బల్ల మీద నా పక్కన మరొక తల్లి కూర్చునేది. ఆమె కొడుక్కి మూడేళ్ళు. పిట్టగోడ లేని డాబా మీద గాలిపటం వెంట పరుగెత్తి కింద పడ్డాడు. నాకంటే చిన్నది కావడంతో నన్ను ఆపా అని పిలిచేది. వాళ్ళాయన మోటారు సైకిళ్ళ మెకానిక్. నూనె మరకలున్న చొక్కాతోనే మూడు రోజులూ ఉండిపోయాడు.

మా ఇద్దరినీ చూడవచ్చిన ప్రతివారూ ఒకే ప్రశ్న వేసేవారు. “అప్పుడు నువ్వెక్కడున్నావు?” తండ్రులను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. మూడవనాడు ఆమె అంది: “ఆపా, నేను బట్టలు ఆరేస్తున్నాను. వాడు నా కొంగు పట్టుకొనే ఉన్నాడు. ఎప్పుడు వదిలాడో తెలియలేదు.” నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నా దగ్గర ఉన్న జవాబు కూడా అంతే.

ఆ సాయంత్రమే డాక్టర్లు వాళ్ళిద్దరినీ లోపలికి పిలిచారు. బాబు మెదడు కాండం పనిచేయడం ఆగిపోయిందని చెప్పారు. గుండె కొట్టుకుంటోంది. ఛాతీ పైకీ కిందికీ కదులుతోంది. అయితే ఆ శ్వాస బాబుది కాదు, యంత్రానిది. మరునాడు ఉదయం మళ్ళీ పరీక్షలన్నీ చేశారు. ఈ పరీక్షలు కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు జరగాలనీ, నలుగురు వైద్యులు సంతకం చేయాలనీ, అవయవాలు మార్చే బృందంలోని వైద్యులకు ఆ నిర్ణయంతో సంబంధం ఉండకూడదనీ మన దేశపు 1994 నాటి చట్టం నిర్దేశిస్తోంది. కోమాలో ఉన్న మనిషి ఏనాటికైనా మేల్కొనవచ్చు. మెదడు కాండం మరణించిన మనిషి తిరిగి రాడు. ఈ తేడా వరండాలో ఉన్న మాలో ఎవరికీ తెలియదు.

తరువాత ఒక సమన్వయకర్త వచ్చి, ఎంతో మృదువుగా అవయవదానం గురించి అడిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఆరంభమై, నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తున్న జీవన్‌దాన్ పథకాన్ని వివరించింది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులలో ఒకరు అనుమతిస్తే చట్టం అంగీకరిస్తుందనీ, వద్దన్నా వైద్యంలో, మర్యాదలో ఏ లోటూ జరగదనీ చెప్పింది. డబ్బు ప్రసక్తి ఉండదని, అవయవాల క్రయవిక్రయాలు నేరమని కూడా చెప్పి, వాళ్ళను ఏకాంతంగా వదిలి వెళ్ళింది.

ఆ యువకుడు తమ ఊరి ఇమాం గారికి ఫోను చేశాడు. “హజ్రత్, ఇది జాయిజా, నాజాయిజా?” అని అడుగుతున్న ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పండితుల మధ్య ఈ విషయంలో భేదాభిప్రాయం ఉందనీ, ఒక పెద్ద ముఫ్తీ గారిని అడిగి చెబుతాననీ ఇమాం గారు అన్నారట. బాబు తాతగారు ఒప్పుకోలేదు. “నా మనవడిని కోయనివ్వను” అన్నారు. అమ్మమ్మ మౌనంగా ఏడ్చింది. తల్లి మాత్రం ఒక్కటే అడిగింది: “వాడి కళ్ళు ఇంకెవరికైనా కనిపిస్తాయా ఆపా?” నాకేం చెప్పాలో తోచలేదు. ముఫ్తీ గారి కోసం ఎదురుచూపు, బంధువుల రాక, వాదన, ప్రార్థన. ఆ రాత్రి తెల్లవారక ముందే యంత్రం సాయం ఉన్నా బాబు గుండె ఆగిపోయింది. వాళ్ళు అవుననలేదు, కాదననూ లేదు. నిర్ణయం తీసుకోకముందే నిర్ణయమైపోయింది. ప్రమాదం కేసు కావడంతో పోలీసు పంచనామా, పోస్టుమార్టం తప్పలేదు. ఆ మాట విన్నప్పుడు తాతగారు గోడకు ఆనుకొని కూలబడ్డారు.

మరో రెండు రోజులకు మా బాబు నన్ను చూసి చేతులు చాచాడు. అల్‌హందులిల్లాహ్, వాడి మెదడుకు ఏ నష్టమూ జరగలేదు. వాణ్ణి ఎత్తుకొని వరండాలోకి వచ్చినప్పుడు ఆ బల్ల ఖాళీగా ఉంది. నేను సంతోషంతోనే ఏడ్చానని అందరూ అనుకున్నారు.

ఇంటికి చేరాక వచ్చినవారంతా ఓదార్చారు. “అంతా తఖ్‌దీర్, బేటీ” అన్నారు. ఆ మాట నిజమే. కానీ నా మనసు దానితో ఊరట చెందలేదు. ఒంటెను కట్టివేసి, ఆ తరువాత దైవంపై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) ఒక ఎడారివాసికి బోధించిన సంగతి మనందరికీ తెలుసు. తిర్మిజీ గ్రంథంలో ఆ హదీసు ఉంది. జరిగిపోయిన దానికి తఖ్‌దీర్ ఓదార్పు. జరగబోయే దానికి దాన్ని సాకుగా వాడుకోవడం ఒంటెను విప్పి వదలడమే. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని మరొక హదీసు నన్ను ఇంకా లోతుగా తాకింది. రాత్రివేళ పాత్రలపై మూతలు పెట్టమనీ, చీకటి పడే వేళ పిల్లలను ఇంట్లో ఉంచుకోమనీ, ఎలుక వత్తిని లాగి ఇల్లు తగలబెట్టకుండా దీపాలు ఆర్పి పడుకోమనీ ప్రవక్త (సఅసం) ఆదేశించారు. ప్రపంచానికి మార్గం చూపవచ్చిన మహనీయులు మన ఇళ్ళలోని మూతల గురించి, వత్తుల గురించి కూడా పట్టించుకున్నారు. మూత పెట్టడం మన ధర్మంలో చిన్న పని కాదు.

ఆ ఆదివారం మా వారు ఒక వింత పని చేశారు. మోకాళ్ళ మీద, చేతుల మీద ఇల్లంతా పాకారు. పిల్లవాడి ఎత్తు నుంచి ఇల్లు ఎలా కనిపిస్తుందో చూడాలన్నారు. అమ్మాయి నవ్వింది కానీ, ఆయన లేచేసరికి ముఖంలో నవ్వు లేదు. మంచం కింద బొమ్మ కారులోంచి ఊడిన బిళ్ళ బ్యాటరీ దొరికింది. పిల్లలు దాన్ని మింగితే, గొంతులో ఇరుక్కొని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు. సింకు కింద శీతల పానీయం సీసాలో ఫినాయిలు ఉంది. ఇనుప పెట్టె మూలన కలరా ఉండలు, అలమరలో కర్పూరం బిళ్ళలు ఉన్నాయి. కర్పూరం కొద్దిగా మింగినా పసివాళ్ళకు మూర్ఛలు రావచ్చు. మామయ్య పళ్ళెంలో వేరుశెనగ గింజలు, వక్కముక్కలు. పట్టుకొని లాగితే వేడి టీ మీద పడేటట్టు వేలాడుతున్న బల్లగుడ్డ. తెగిన తస్బీహ్ పూసలు కూడా అత్తమ్మ దిండు పక్కన దొరికాయి. ప్రతి ఒక్కటీ మా కళ్ళ ముందే ఉంది. మేమే నిలువెత్తున నడుస్తూ చూడలేదు.

అత్తమ్మకు ఇది నచ్చలేదు. “ఏడుగురిని పెంచాను. నాకెవరూ బల్లగుడ్డలు తీయమనలేదు. అల్లాహ్ కాపాడాడు” అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. మా వారే మెల్లగా అన్నారు: “అమ్మీ, ఏడుగురు కాదు, ఎనిమిది మంది కదా.” అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. రెండేళ్ళ వయసులో ఉడుకుతున్న గంజి మీద పడి పోయిన పెద్దకొడుకు గురించి ఆమె ఆ రాత్రి నాకు మొదటిసారి చెప్పారు. అరవై ఏళ్ళుగా ఆమె ఆ పేరును తఖ్‌దీర్ అనే మూట కట్టి దాచుకున్నారు. కాలితే వెంటనే ఇరవై నిమిషాలు చల్లని కుళాయి నీరు ధారగా పోయాలనీ, సిరా, పేస్టు పూయకూడదనీ చెప్పేవారు ఆనాడు ఎవరూ లేరు. ఆమె తప్పు ఏమీ లేదని నేనన్నాను. “నీది కూడా లేదు, బేటీ” అన్నారామె. వరండాలో నన్నడిగిన ప్రశ్నకు ఎవరైనా ఇచ్చిన మొదటి జవాబు అదే.

మా ఇంట్లో రెండవ సంభాషణ ఇంతకంటే కష్టమైనది. ఆ మెకానిక్ కుటుంబం స్థానంలో మనమే ఉండి ఉంటే ఏం చెప్పేవాళ్ళమని ఒక రాత్రి మా వారిని అడిగాను. “ఆ మాట నోటికి రానివ్వకు” అన్నారు. నాకూ నోట రాలేదు. అయినా అడిగాను. మృతుని ఎముకను విరవడం బ్రతికున్నవారి ఎముకను విరవడం వంటిదన్న భావం గల హదీసును ఆయన గుర్తుచేశారు. ఒక్క ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని బోధించే దివ్య ఖుర్ఆన్ అయిదవ సూరాను నేను గుర్తుచేశాను. ఇద్దరిదీ విశ్వాసమే. ఇద్దరికీ జవాబు కావాలి.

మేము ఒక ధార్మిక పండితుణ్ణి కలిశాము. ఆయన తొందరపడి ఫత్వా ఇవ్వలేదు. రెండు వైపుల వాదాలనూ మా ముందు పరిచారు. ఉపఖండంలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ వంటి గొప్ప పండితులు దీన్ని అనుమతించలేదు. దేహానికి యజమాని మనిషి కాదు, దైవం. అది మన దగ్గర ఉన్న అమానత్ మాత్రమే. మన సొంతం కాని దాన్ని దానం చేసే అధికారం ఎక్కడిదని వారి ప్రశ్న. మానవ దేహం సరుకుగా మారుతుందన్న భయం కూడా వారికుంది. మరోవైపు సౌదీ అరేబియా అగ్ర ఉలమాల మండలి 1982లో అవయవదానాన్ని అనుమతించింది. ఇస్లామీ దేశాల అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1986లో అమ్మాన్ సమావేశంలో మెదడు మరణాన్ని నిర్దిష్ట షరతులతో మరణంగా అంగీకరించింది. 1988లో జిద్దా సమావేశంలో, మరణించిన వ్యక్తి గానీ వారసులు గానీ సమ్మతిస్తే, అమ్మకం లేకుండా, ఒక ప్రాణం లేదా ముఖ్యమైన అవయవం పనితీరు దానిపైనే ఆధారపడి ఉంటే అవయవాన్ని మార్చవచ్చని తీర్మానించింది. అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్న ఫిఖ్హ్ సూత్రం దీనికి ఆధారం. గుండె ఆగకముందు మనిషిని మృతుడిగా లెక్కించడానికి అంగీకరించని పండితులు నేటికీ ఎందరో ఉన్నారు.

“మరి మేమేం చేయాలి, హజ్రత్?” అన్నాను. “మీ మనసుకు నమ్మకమున్న పండితుణ్ణి ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడగండి. ఇద్దరూ కలిసి వినండి. ఆసుపత్రి వరండాలో అడిగిన ప్రశ్నకు ఎంత గొప్ప ముఫ్తీ అయినా సమయానికి జవాబివ్వలేడు” అన్నారాయన. అవయవాలు ఇచ్చిన దేహాన్ని కుట్టి గౌరవంగా అప్పగిస్తారనీ, గుసుల్, కఫన్, జనాజా నమాజులకు ఏ ఆటంకమూ ఉండదనీ కూడా చెప్పారు. గుండె ఆగి మరణించినవారి నేత్రాలను కూడా సుమారు ఆరు గంటలలోపు సేకరించవచ్చని అప్పుడే తెలిసింది. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు అప్పటికి ఎంత దగ్గరలో ఉందో తలుచుకుంటే గుండె బరువెక్కింది.

తిరిగి వచ్చాక మేము ఏకాభిప్రాయానికి రాలేదని నిజాయితీగా చెప్పాలి. నా మరణానంతరం నా అవయవాలు తీసుకోవచ్చని నేను అంగీకార పత్రం రాశాను. ఇంట్లో అందరికీ చెప్పాను. చెప్పకపోతే ఆ కాగితానికి విలువ లేదు, ఎందుకంటే చివరికి అడిగేది కుటుంబాన్నే. మా వారు రాయలేదు. తన మనసు ఇంకా కుదుటపడలేదన్నారు. కానీ నా నిర్ణయానికి అడ్డు చెప్పనని మాట ఇచ్చారు. ఆ మాట ఇచ్చేటప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంగీకరించని మనిషి నుంచి అటువంటి మాట పొందడం ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు.

పిల్లల విషయంలో ఏ కాగితమూ లేదు. ఉండదు కూడా. వారి తరఫున ముందుగా సంతకం చేసే తల్లిని నేను కాలేను. ఒక్క ఒప్పందం మాత్రం చేసుకున్నాము. దైవం అటువంటి రోజు ఎవరికీ రానివ్వకూడదు. ఒకవేళ వస్తే, ఎవరిని సంప్రదించాలో ఇద్దరికీ తెలుసు. ఆ పండితుని ఫోను నంబరు ఇద్దరి దగ్గరా ఉంది. అవునన్నా, కాదన్నా అది మా ఇద్దరి నోటి నుంచి వచ్చిన మాటే అవుతుంది. వచ్చిపోయే బంధువులది కాదు, గడియారానిది అసలే కాదు.

సోదరీమణులారా, ఈ రెండు సంగతులను ఒకేచోట ఎందుకు రాశానని మీరు అడగవచ్చు. నాకు అవి రెండూ ఒకటే పాఠం. బిడ్డ అమానత్ అని మనం తరచుగా అంటాము. అమానత్‌ను కాపాడేవాడు తాళం వేస్తాడు, మూత పెడతాడు, పిట్టగోడ కట్టిస్తాడు. దాన్ని తిరిగి అప్పగించవలసి వచ్చినప్పుడు ఎలా అప్పగించాలో కూడా ముందే ఆలోచించి ఉంచుతాడు. మొదటిది చేయడానికి ఒక మధ్యాహ్నం చాలు. రెండవదానికి ఒక మంచి రాత్రి, ఇద్దరు మనుషులు, కొంత ధైర్యం చాలు. వరండాలోని ఆ తల్లికి ఆ రెంటికీ సమయం దొరకలేదు. ఆమె నాకు ఇప్పటికీ ఫోను చేస్తుంది. ఆ మధ్య వాళ్ళింటి డాబాకు పిట్టగోడ కట్టించారట. ఆమెకు మరో బిడ్డ పుట్టింది.

మా బాబు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. బకెట్టులో పడే వయసు దాటిపోయింది. అయినా కుళాయి వచ్చిన రోజున రాత్రి పడుకునే ముందు అత్తమ్మ చేతికర్ర ఆనించుకుంటూ స్నానాలగదిలోకి వెళ్ళి, బిస్మిల్లాహ్ అంటూ ప్రతి బకెట్టు మీదా ఒక్కొక్క పళ్ళెం బోర్లిస్తారు. ఆ చప్పుడు వినిపించాకే నాకు నిద్ర పడుతుంది.